ఎల్లారెడ్డి ఎండల సాలమాండర్

ఏప్రిల్‌ల నేను ఎల్లారెడ్డికి పోయింది ఒక ప్రాణి కోసం. పేరు సాలమాండర్. చూస్తే బల్లి లెక్క ఉంటది, కానీ కప్పలకు చుట్టం. నల్లటి ఒంటి మీద పసుపు మచ్చలు. యూరప్ చలి అడవుల్లో పుట్టేదాన్ని పెంపుడు జంతువుల దుకాణాల్లో అమ్ముతున్నరు. నేనూ రెండింటిని పెంచుతున్న. అది తెలిసి రమేశన్న అనే ఆయన ఫోన్ చేసిండు.

"నాలుగు తెచ్చిన, రెండు పోయినయ్. మిగిలినయి తిండి ముడుతలేవు. నువ్వొచ్చి తీస్కపో తమ్మీ," అన్నడు.

కాచిగూడల పొద్దున రైలెక్కి, తొమ్మిదిన్నరకు కామారెడ్డిల దిగిన. ఇడ్లీ తిని, ఐస్ కొని థర్మోకోల్ డబ్బాల సర్దుకొని ఎల్లారెడ్డి బస్సెక్కిన. తాడ్వాయి దాటేసరికి కిటికీ ఊచ పట్టుకోరాకుండ కాలింది. పక్కన కూసున్న అవ్వ డబ్బా చూసి "మందులా బిడ్డా?" అనడిగింది. సంగతి చెప్పిన. "గీ ఎండకు మనుషులే ఆగుతలేరు," అన్నది.

రమేశన్న బస్టాండ్‌కొచ్చిండు. దుబాయ్‌ల కట్టడాల పని చేసి, నడుము దెబ్బతిని తిరిగొచ్చిండట. ఈ సాలమాండర్ల పిల్లలను అమ్ముకొని బతకాలనుకున్నడు. వెనుక గదిల కూలర్ పెట్టి, కిటికీలకు తడి గోనెసంచులు కట్టిండు. కరెంటు లేదు. అద్దాల పెట్టెల ఉన్న రెండిట్ల ఒకటి వెల్లకిల పడి ఉన్నది.

"పొద్దుగాల కదిలింది," అన్నది ఆయన భార్య సుజాతక్క.

"దుబాయ్ ఎండకు నేనాగిన. ఇవి మన ఎండకు ఆగలేకపాయె," అన్నడు రమేశన్న.

బతికున్నదాన్ని తడిగుడ్డల చుట్టి ఐస్ డబ్బాల పెట్టిన. "పోచారం చెరువుల ఇడిస్తే బతకదా?" అనడిగింది సుజాతక్క.

"ఆ నీళ్లు గూడ దీనికి వేడే అక్కా. దీనికేమన్న రోగముంటే అక్కడి కప్పలకు అంటుకుంటది."

అక్క జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. నేను తిన్న. రమేశన్న కంచం ముందు ఊకెనే కూసున్నడు.

రెండు గంటల బస్సుకు తిరిగొస్తుంటే తాడ్వాయి కాడ ఐస్ మొత్తం కరిగింది. నా తిప్పలు చూసి కండక్టర్ బస్సాపించి, "ఉరికి తెచ్చుకో అన్నా," అన్నడు. కిరాణా కొట్టుల చల్లటి నీళ్ల ప్యాకెట్లు దొరికినయ్. కామారెడ్డి ప్లాట్‌ఫాం మీద మూత తీసి చూస్తే దాని గొంతు కొట్టుకుంటలేదు. వేలితో ముట్టిన. కదల్లేదు.

అప్పుడే రమేశన్న ఫోన్. ఉన్నదున్నట్టు చెప్పిన.

"పోనీ, సల్లగ పోయింది," అన్నడు. "ఆ కూలర్ ఇగ మా ఇంట్ల పిల్లలకు పెడ్త."

ముచ్చటగున్నయని వీటిని కొనేటోళ్లు ఒక్కసారి ఎండకాలం ఈ తొవ్వన పోయి రావాలె. ఇంట్ల ఏసీ గదిల ఉన్న నా రెండూ ఏదో చలి అడవిల నుంచి పట్టితెచ్చినయే.

రైలు మేడ్చల్ దాటినంక వాన వాసనతో చల్లగాలి వచ్చింది. డబ్బా మూత తీసి కిటికీ కాడ పెట్టిన. ఎందుకో నాకే తెల్వది.