తలుపు పక్కన కుండీ

అక్టోబరులో ఒక పొద్దున మా పాలీహౌస్‌లో ఒక పాయిన్‌సెట్టియా మొక్కను అలవాటుగా ఊపి చూశాను. ఆకుల కింది నుంచి పిండి రాలినట్టు చిన్న పురుగులు లేచాయి. తెల్లదోమ. క్రిస్మస్‌కు పై ఆకులు ఎర్రబడి, మెదక్‌లో మా చర్చి వాళ్ల గుమ్మాల ముందుకు వెళ్లాల్సిన మొక్కలివి. నాకూ అత్తమ్మకూ ఉన్న ఆధారం ఇవే.

నా భర్త ఉంటే ముందు నన్ను తిట్టేవాడు, తర్వాత పురుగును. దోమ కనిపించగానే మందు డబ్బా ఎత్తేవాళ్లంటే ఆయనకు ఒళ్లుమంట. ముందు అది ఎక్కడి నుంచి వచ్చిందో పట్టుకోమనేవాడు. అంత చూసుకునే మనిషి తన గుండె సంగతి చూసుకోలేదు. పోయిన ఏడాది వానాకాలం చివర పోయాడు.

సమాధి దగ్గర అందరూ తలా పిడికెడు మట్టి వేశారు. అత్తమ్మ మాత్రం చేతులు కొంగులో చుట్టుకుని పక్కకు తిరిగింది. "నా చేతులతోని నా కొడుకు మీద మన్ను ఎయ్య" అంది. ఎవరూ బలవంతపెట్టలేదు.

ఆ క్రిస్మస్‌కు ఆయన నాటిన మొక్కనే ఒకటి సమాధి మీద పెట్టాం. పండుగయ్యాక అది ఎండిపోతుంటే చూడలేక అత్తమ్మ ఇంటికి తెచ్చుకుంది. ఈసారి వానలు పడగానే, వేరు కుళ్లుతుందని పాలీహౌస్‌లో తలుపు పక్కన పెట్టింది. బయట తిరిగిన మొక్క లోపలికి రాకూడదని రూలు పెట్టిందే ఆయన. కానీ ఆమె రోజూ ఆ కుండీతో మాట్లాడేది. నేనేమని కాదంటాను?

దోమ వచ్చి అంటుకునే పసుపు జిగురు అట్టలు వరుసవరుసకూ వేలాడదీశాను. మర్నాడు చూస్తే లోపలి అట్టల మీద ఒకటీ అరా. తలుపు వైపు వచ్చేకొద్దీ ఎక్కువ. కుండీ పైన అట్టకైతే పసుపే కనిపించలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, అట్ట పట్టేసింది. ఆకు తిప్పితే కింద గుడ్లు, పిల్లలు, వేళ్లకు అంటుకునే బంక. ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, పోయినవాడి మీదే.

అత్తమ్మను పిలిచి చూపించాను. ఆకు తడిమి, వేళ్లు చీరకు తుడుచుకుంది.

"మందు కొడితే బతకదా, బిడ్డా?"

"దోమ చస్తది అత్తమ్మా, గుడ్లు చావయ్. మళ్ల లేస్తయ్. గిది తీసేస్తేనే మిగిలినయి దక్కుతయ్."

వంగి, కుండీలో రాలిన ఆకులు ఏరింది.

"వాడుంటే ఎప్పుడో పీకేసెటోడు" అంది.

దోమ ఎగరకుండా మొక్కకు సంచి తొడిగి మూతి కట్టాను. పాలీహౌస్‌కు దూరంగా గుంత తవ్వి అందులో పెట్టాను. పార ఎత్తబోతుంటే అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"జర ఆగు."

గుంత పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. పిడికెడు మట్టి తీసుకుని, గడ్డలు తగలకుండా వేళ్లతో నలిపి, మెత్తగా చేసి, ఆ సంచి మీద వేసింది. మళ్లీ ఇంకో పిడికెడు తీసుకుంది. నేను పార పక్కన పెట్టి నిలబడ్డాను. గుంతంతా ఆమే పూడ్చింది.