రెండు మూటల యూరియా

యూరియా కోసం ఆళ్లగడ్డలో రెండు రోజులు వరుసలో నిలబడ్డాను. చెప్పులు వరుసలో వదిలి నీడకు పోతే ఎవరో వాటిని పక్కకు తోసేశారు. నేనేమన్నా ఊరుకునేదాన్నా! గట్టిగా నోరు చేసుకుని నా చోటు నేను తీసుకున్నాను. వేలిముద్ర నాలుగోసారికి పడింది. రెండు మూటలు ఆటోలో వేసుకుని వస్తుంటే ఊరేగింపులో వస్తున్నట్టే ఉంది.

"పోయినేడు శనగ ఏసిన చేనమ్మా అది. గొర్రెల మంద కూడా నిలిపినాం, నేల్లో సత్తువుంది. పత్తికి ఒక మూట చాలు, అదీ రెండు తూర్లు ఏయి," అన్నాడు నాయన.

అంత అవస్థపడి తెచ్చింది ఇంట్లో దాచిపెట్టాలా? నాకు మనసొప్పలేదు. మోకాళ్లు అరిగిపోయి నాయన ఆ ఎకరం చేను కోయిలకుంట్ల ఆయనకు కౌలుకు ఇస్తానంటే అడ్డం పడింది నేనే. "ఒక్క పంట నన్ను చెయ్యనీ నాయనా. పండకుంటే ఇచ్చేయ్," అని మాటిచ్చాను. వాన పడగానే రెండు మూటలూ ఒకేసారి వేసేశాను.

పత్తి నా భుజం దాటింది. ఆదివారం చర్చి నుంచి వచ్చేవాళ్లు గట్టు మీద ఆగి, "బలే పెంచినావు పాపా!" అనేవాళ్లు. నేను పొంగిపోయేదాన్ని. నాయన మాత్రం కర్ర పక్కన పెట్టి, సాలులోకి వంగి, రాలిన మొగ్గలు ఏరి నా చేతిలో పోశాడు. అప్పుడు ఆకులు తప్పించి చూశాను. ఒక్కో చెట్టుకు నాలుగు కాయలు కూడా లేవు.

చెట్టు ఆగితేనే కాయ పడుతుందని నంద్యాల మందుల అంగట్లో పెరుగుదల ఆపే మందు ఇచ్చారు. "నేలలో పదునుంటేనే కొట్టమ్మా," అని అంగడాయన చెప్పనే చెప్పాడు. నాకు ఆగే ఓపిక ఎక్కడిది? మర్నాడే, పొడి నేలలోనే కొట్టాను, భయానికి చెప్పినదానికంటే ఎక్కువే పోశాను. ఆ తర్వాత వాన మొహం చాటేసింది. చెట్టు ఆగింది, ఉన్న మొగ్గలూ రాలాయి. పెరగమని మేపింది నేనే, ఆగమని మందు కొట్టింది నేనే. ఇక నా చేతిలో ఏమీ లేదు. రోజూ పోయి ఆ ఆకులను చూసి ఏడ్చి వచ్చేదాన్ని.

పత్తి ఏరితే రెండు గోతాలు నిండలేదు. ఆ వారమే కోయిలకుంట్ల ఆయన కౌలు కోసం చేను చూడడానికి వచ్చాడు.

"ఇదేందప్పా, కట్టె పెంచినారు! ఇంత యూరియా ఏసిందెవురు?"

నేను నోరు తెరిచేలోపే నాయన అందుకున్నాడు. "నేనేలేప్పా. ముసిలోన్ని, తెలీక ఏసినా."

ఆయన పకపకా నవ్వాడు. నలభై ఏళ్లు ఆ చేను పండించిన మనిషి తల దించుకుని ఆ నవ్వు భరించాడు. కాదు, నేనే వేశానని చెప్పాలి. వరుసలో అంతమంది మీద లేచిన నా నోరు అక్కడ పెగల్లేదు.

నాయన కర్ర పట్టుకుని, హద్దురాళ్లు చూపిస్తూ ఆయన ముందు నడిచాడు. నేను వాళ్ల వెనక నడిచాను.