మిషన్ చప్పుడు వింటున్న మనిషి

రెండే కుట్టుమిషన్లున్న ఆ దుకాణంలో ప్యాంట్లు దుకాణం నడిపే అక్క కుడుతుంది, చొక్కాలు ఈమె కుడుతుంది. కాలర్లు కుట్టడంలో ఆమె చెయ్యి తిరిగింది కాబట్టి వీధంతా కాలరమ్మ అనే పిలుస్తారు.

పొద్దున కూర్చోగానే భర్తకు ఫోన్ కలిపి, కట్ చేయకుండా మిషన్ పక్కన పెట్టాలి. ఆయన ఓ ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలాదారు. అక్కడ కుర్చీలో కూర్చుని ఈ చప్పుడు వింటుంటాడు. కాస్త ఎక్కువసేపు ఆగిందా, "ఎవడితో కబుర్లు?" అని గొంతు వస్తుంది.

ఏనాడూ చెయ్యి చేసుకోలేదు. ఒంటి మీద దెబ్బ లేనప్పుడు ఏమని చెప్పుకోవాలి? మొన్న చెల్లెలితో మాట్లాడిందని ఈమె బట్టలన్నీ తాపీగా కత్తిరించాడు. కత్తెర కింద పెట్టి, "తర్వాత నీ వంతు" అని నవ్వాడు.

అక్క ఇవాళ మార్కింగ్ సుద్దతో గుడ్డ మీద రాసి చూపించింది: "పైన వకీలమ్మ ఉంది. వెళ్లు. నేను కుడతా." ఆమెను లేపి ఆ కుర్చీలో కూర్చుంది.

కాలరమ్మ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని మెట్లెక్కింది.

"ఇంటికి వెళ్లాలంటే భయమేస్తుందా?" అంది వకీలమ్మ అంతా విని.

"ఆయన కొట్టడండీ."

"నేనడిగింది అది కాదమ్మా. చట్టం దెబ్బలొక్కటే చూడదు. బెదిరించడం, నీ వాళ్లకు దూరం చేయడం, వస్తువులు పాడుచేయడం, అడుగడుగునా కాపలా కాయడం, ఇవన్నీ హింస కిందికే వస్తాయి. ఈ ఫిర్యాదు మీద సంతకం పెట్టు. ఇవాళే నిన్ను వేరేచోట ఉంచుతాం."

కలం పట్టుకుంది. కింద మిషన్ చప్పుడు గడగడా సాగుతోంది.

"అయ్యో, అక్క ప్యాంటులా ఆగకుండా కుట్టేస్తోంది! కాలర్ మూల దగ్గర ఆగి తిప్పాలండీ. ఎనిమిదేళ్లుగా వింటున్నాడు, కనిపెట్టేస్తాడు!"

మిషన్ ఆగిపోయింది. రొప్పుతూ అక్క వచ్చింది.

"'ఎవరే నువ్వు?' అన్నాడే. వెంటనే ఫోన్ పెట్టేశా. వస్తున్నానని మళ్లీ ఫోన్ చేశాడు."

"ఎంత దూరం?" అంది వకీలమ్మ.

"బండి మీద పావుగంట" అంది అక్క.

కాలరమ్మ సంతకం పెట్టింది. అక్షరాలు గీత దాటి కిందికి జారాయి.

"వంకరపోయిందండీ. మళ్లీ పెట్టనా?"

"చాలమ్మా. వెనక మెట్ల మీద నుంచి దిగుదాం, పద."

"చెప్పుల్లేవు, కిందే ఉన్నాయి" అంది ఆమె, ఏడుపు ఆపుకుంటూ.

అక్క తన చెప్పులు విప్పి ముందుకు తోసింది. "పెద్దవే, ఈడ్చుకుంటూ పో. నేను కుట్టిన ఆ కాలర్లు విప్పడానికే నాకు వారం పడుతుంది."

కింద వీధిలో ఏదో బండి ఆగింది. ఎవరిదో చూడ్డానికి ఆమె నిలబడలేదు.