పావురం నెత్తురు

కుందుర్పిలో నేను మూఢనమ్మకాల మీద మాట్లాడిన ప్రతిసారీ ఒక వేరుశనగ రైతమ్మ ముందు వరుసలో కూర్చునేది. కొంగు నడుముకు దోపి లేచేది. "ఏమప్పా, దేవుడు లేడంటివి, సరే. వాన ఎందుకు లేదో నువ్వు చెప్పు" అనేది. జనం గొల్లుమనేవారు. అలా నిలదీసే మనిషి ఉంటేనే నా సభ సభ.

పోయిన ఎండాకాలం ఆమెకు పక్షవాతం వచ్చిన సంగతి నాకు వారానికి గానీ తెలియలేదు. వెళ్లేసరికి కుడివైపు పడిపోయింది, మాట పోయింది. చేతికీ కాలికీ పూసిన పావురం నెత్తురు అట్టకట్టింది.

"నాటువైద్యుడు పూసినాడు. అది తనంతట తానే రాలిపోయేదాంకా గడప దాటగూడదన్నాడన్నా" అన్నాడు కొడుకు.

నేను మండిపడ్డాను. "మెదడులో కణాలు మాట్లాడుకునేదానికి రసాయనాలు ఉండాయబ్బీ. మెదడుకు పోయే నెత్తురు ఆగితే అందులో ఒకటి కట్ట తెగినట్టు పొంగి, చుట్టూ ఉండే కణాలను చంపుతాది. గంటల్లో ఆస్పత్రికి చేర్చల్ల!"

అతను శ్రద్ధగా విన్నాడు. నమ్మాడు కూడా. "అయితే ఇప్పుడు తీసుకపోతే అమ్మకు మాట వస్తాదా అన్నా?"

గంటలు కాదు, వారం దాటిందని నేను లెక్క వేసుకున్నాను. ఆమె నా మొహంలోకి చూసింది. ఎడమచేయి మెల్లగా ఎత్తి, కొడుకు నోరు మూసింది.