మామగారి వయొలిన్‌కి నా అమెరికా మెచ్చుకోలు

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు మరీ మంచిదైపోయి, కుదిరిన పెళ్ళి పెటాకులయ్యేదాకా వచ్చింది. ఎలాగో చెబుతాను, మొహమాటపడకుండా నవ్వుకోండి.

అప్పటికి అమెరికాలో ప్లేనో అనే ఊళ్ళో ఉద్యోగం. మా ఆఫీసులో ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనరు. తుమ్మినా "అమేజింగ్!" అంటారు. మనం చేసిన పని చెత్తబుట్టలో వెయ్యాలనుకోండి, "గ్రేట్ స్టార్ట్! ఇంకో డైరెక్షన్ కూడా ఆలోచిద్దామా?" అంటారు. కొన్నేళ్ళు ఆ ఇంగ్లీషు మాట్లాడేసరికి నా తెలుగుకీ అదే జబ్బు అంటుకుంది. మాటలు తెలుగువే, మర్యాద మాత్రం ఆఫీసుది. మా ఇంట్లో కూర బాగుంటే "ఇంకాస్త వెయ్యి" అనేవాళ్ళం, అంతే. నేను మాత్రం చల్లారిన ఇడ్లీని కూడా "అద్భుతం" అనేవాణ్ణి.

అలాంటి రోజుల్లో సింధుతో పెళ్ళి కుదిరింది. ఇద్దరం ప్లేనోలోనే కాబట్టి పెళ్ళీ అక్కడే. వాళ్ళమ్మానాన్నా ముందుగానే ఏలూరు నుంచి వచ్చి సింధు ఇంట్లో దిగారు. కాబోయే మామగారు లెక్కల మాస్టారుగా రిటైరై, ఖాళీగా ఉండలేక వయొలిన్ పట్టారు. నేను మొదటిసారి భోజనానికి వెళ్ళినప్పుడు, చేయి కడుక్కునేలోపే ఆయన పెట్టె తెరిచారు. అత్తయ్యగారు వంటింట్లోకి పారిపోయారు. అది నాకు హెచ్చరికని తెలియలేదు.

కమాను తీగ మీద పడిందో లేదో, పక్కింటి అమెరికన్ ఆవిడ ఫైర్ అలారమనుకుని కుక్కని చంకనేసుకుని రోడ్డు మీదికి పరుగెత్తింది.

"ఎలా ఉంది బాబూ?" అన్నారాయన, ఆపి.

నా నోరు ఊరుకుంటుందా? "అద్భుతం మామయ్యగారూ! ఇది నలుగురూ వినాల్సిన సంగీతం!"

"నిజంగా?"

"నిజంగా! ఐ లవ్డ్ ఇట్!"

"అయితే పెళ్ళిలో నేనే వాయిస్తాను. సన్నాయివాళ్ళకి వద్దని చెప్పెయ్!"

సింధు నన్ను గరాజ్‌లోకి లాక్కెళ్ళింది. "మా అమ్మ ఇన్నేళ్ళుగా 'చాలు, ఆపండి' అంటూ ఆ వయొలిన్‌ని ఇల్లు దాటకుండా కంట్రోల్ చేసింది. నువ్వొచ్చి గేటు తీసేశావ్!"

"ఊరికే పొలైట్‌గా అన్నాను సింధూ."

"మా నాన్నకి ఆ పొలైట్ తెలీదు. బాగుందంటే బాగుందనే నమ్ముతారు. నువ్వే ఆపు. పెళ్ళిలో వయొలిన్ వినిపిస్తే పెళ్ళికూతురు కనిపించదు!"

మర్నాడే వెళ్ళాను. మనసులో తెలుగే ఉంది, నోట్లోంచి మాత్రం మళ్ళీ ఆఫీసే వచ్చింది. "మామయ్యగారూ, మీది గొప్ప ప్రయత్నం. కాకపోతే పెళ్ళికి ఇంకో డైరెక్షన్ కూడా ఆలోచిద్దామా?"

"నేనూ అదే అనుకున్నాను! తాళికి ఒక రాగం, తలంబ్రాలకి ఇంకో రాగం."

"అంటే... నిడివి విషయం కూడా కాస్త చూసుకుంటే..."

"దాందేముంది, ఎంత కావాలంటే అంత పెంచుతాను!"

వంటింటి గుమ్మంలో సింధు నిలబడి ఉంది, చేతిలో అట్లకాడతో. పెళ్ళి సంగతి దేవుడెరుగు, ప్రాణం మీదికొచ్చింది. భయమేస్తే మాతృభాష దానంతటదే తన్నుకొస్తుంది కదా.

"మామయ్యగారూ, మీ కాళ్ళకి దండం! మీరు వాయిస్తుంటే చెవులు చిల్లులు పడుతున్నాయి. పెళ్ళికొచ్చినవాళ్ళు భోజనం కూడా చెయ్యకుండా పారిపోతారు!"

ఆయన కమాను మెల్లిగా పెట్టెలో పెట్టేశారు. పెద్దాయన మనసు విరిచేశానని నాకు నిజంగా ఏడుపొచ్చింది.

ఆయన నన్ను ఎగాదిగా చూసి ఫక్కున నవ్వారు. "ఈ మాట ఇంట్లోవాళ్ళు తప్ప ఎవరూ అనరయ్యా! ఇవాళ్టితో మావాడివైపోయావు. సరే, పెళ్ళిలో వాయించను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ముందు ఇంట్లో గెలుస్తాను."

"మంచి మాట మామయ్యగారూ!" అన్నాను, గండం గడిచిందనుకుని.

"పెళ్ళవగానే మీ ఇంటికే వస్తాం. ఆర్నెల్లుంటాం. రోజూ పొద్దున్నే కాఫీకి ముందు నీకు వినిపిస్తాను. తప్పుని తప్పని చెప్పే శ్రోత దొరకడం మాటలా!"

చెప్పినట్టే వచ్చారు. ఏటా వస్తున్నారు. అందుచేత, చెవుల్లో దూది పెట్టుకుని, తూర్పు తిరిగి దండం పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఎవరేం వండినా, పాడినా, వాయించినా అద్భుతమని అననుగాక అనను. నిజం అసలే చెప్పను. అబద్ధానికైతే పెళ్ళి ఒక్కటే పోయేది, ఈ నిజానికి ఏటా ఆర్నెల్లు పోతున్నాయి.