అన్నయ్య దగ్గు

చొక్కాలు కుట్టే గదిలో ఆమెను అందరూ గుండీలక్క అనేవారు. చొక్కా చిరిగినా ఆమె కుట్టిన గుండీ ఊడదని మేస్త్రీ గొప్పగా చెప్పుకునేవాడు.

భర్త పోతూ పోతూ ఆమెకు హెచ్.ఐ.వి. అంటించి పోయాడు. అప్పటినుంచి అన్నయ్య ఇంట్లో, వంటగది పక్క వసారాలో ఆమె పడక. రోజూ మందు వేసుకుంటూ, ఇంటిచాకిరీ అంతా నెత్తినేసుకుని, ఎవరికీ అడ్డు రాకుండా బతకడం నేర్చుకుంది.

ఒకసారి ఆస్పత్రిలో నర్సమ్మ కొత్త మాత్రలిచ్చింది. నీకు క్షయ లేదు గానీ నీలాంటివాళ్లను అది ఇట్టే పట్టుకుంటుంది, రాకుండా ఆరు నెలలు రోజుకొకటి వేసుకోమని విడమరిచి చెప్పింది. ఇంట్లో ఎవరైనా రెండు వారాలకు మించి దగ్గుతున్నారా అనీ అడిగింది. అన్నయ్య రెండు నెలలుగా దగ్గుతున్నాడు. బీడీ దగ్గని కొట్టిపారేస్తాడు.

ఒక్కసారి కఫం పరీక్ష చేయించుకోమని ఆమె భయపడుతూనే అన్నయ్యను అడిగింది. అతను తింటున్న కంచం తోసేశాడు.

"నీ రోగం నాకు అంటగడతావా?"

వదిన ఊరుకోలేదు. ఆడబిడ్డ సంచి దులిపితే మాత్రలు రాలాయి, చీటీ మీద క్షయ అన్న మాట కనబడింది. అది రాకుండా వేసుకునే మందని గుండీలక్క ఎంత మొత్తుకున్నా, రోగం లేనిదే మందెందుకని ఒకటే మాట. మాత్రలన్నీ మురుక్కాలవలో పారబోసింది. మళ్లీ అవి ఇంట్లో కనిపిస్తే నీ మూటాముల్లె బయట ఉంటుందంది. పోవడానికి మరో చోటు లేక గుండీలక్క ఆ మందు మానేసింది. ఆమె కంచం, గ్లాసు వేరు చేశారు. వంట మాత్రం ఆమే చేయాలి.

నాలుగు నెలలకు ఆమెకు జ్వరం పట్టుకుంది. మేస్త్రీ ఆమె కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెట్టాడు. ఆస్పత్రిలో చేరేసరికి క్షయ మెదడు దాకా పాకింది. ఇంట్లోవాళ్లకు పరీక్షలు చేస్తే అన్నయ్యకూ ఉందని తేలింది. చెల్లెల్ని చేరదీసిన పాపానికి అతనికీ అంటుకుందని ఇరుగుపొరుగు జాలిపడ్డారు.

ఒకరోజు అతను పొరుగువాళ్లను వెంటబెట్టుకొచ్చి మంచం పక్కన నిలబడ్డాడు.

"అయిందేదో అయింది. నిన్ను క్షమించేశానమ్మా."

ఆమె పెదాలు తడుపుకుంది. "ముందు దగ్గింది ఎవరన్నయ్యా?"

అతను పొరుగాయన వైపు తిరిగి, "జ్వరం తలకెక్కింది. పాపం, ఏదో మాట్లాడుతోంది," అన్నాడు.

అందరూ తలలూపారు. వదిన దుప్పటి ఆమె గడ్డం దాకా లాగింది.

మూడో రోజున గుండీలక్క పోయింది. అన్నయ్య ఆరు నెలలు మందు వాడి పూర్తిగా కోలుకున్నాడు. ఇప్పటికీ చెల్లెల్ని పల్లెత్తు మాట అనడు. ఎంతైనా తోడబుట్టింది కదా అంటాడు.