నమ్మలేని పదకొండు

నల్లగొండలో రక్తహీనత మందు మీద జరుగుతున్న ఓ అధ్యయనంలో సుస్మితది కంప్యూటర్ ముందు పని. బయటి ల్యాబ్ పంపిన రక్తపరీక్షల ఫలితాలను ఒక్కొక్కటిగా సరిచూసి, తేడా లేదనుకున్నాకే అధ్యయనం రికార్డుల్లోకి ఎక్కిస్తుంది. తెర మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ పేరు, వయసు, తేదీ చదువుతుంది. అనుమానమొస్తే చెవి దుద్దు తిప్పుతుంది. దుద్దు తిరుగుతోందంటే ల్యాబ్‌కు ఫోన్ పోతుందని పక్కవాళ్లకు తెలుసు. ఆ రోజు గొర్రెలు కాచుకునే గుర్వమ్మ ఫలితం దగ్గర దుద్దు తిరిగింది. రెండు నెలల కింద ఆరున్న హిమోగ్లోబిన్ ఇప్పుడు పదకొండు! ల్యాబ్ వాళ్లు తమ పొరపాటేమీ లేదన్నారు. అయినా ఇంకెవరి రక్తమో ఈమె పేరున వచ్చి ఉంటే, జబ్బు తగ్గని మనిషికి మందు ఆగిపోతుంది. సుస్మిత నేరుగా గుర్వమ్మకే ఫోన్ చేసింది.

"అవ్వా, జర వచ్చి మళ్ల రక్తం ఇస్తవా?"

"మొన్ననే ఇస్తి గద బిడ్డా! జబ్బు ఎక్కువైందా?"

"లేదవ్వా, మస్తు తగ్గింది. గందుకే నమ్మబుద్ధైతలేదు."

మర్నాడు గుర్వమ్మ వచ్చి రక్తమిచ్చి, ఫలితం కోసం బయట బెంచీ మీద కూర్చుంది. కొత్త పరీక్షలోనూ పదకొండే. సుస్మిత ఆ అంకెను రికార్డులోకి ఎక్కించి బయటికి పరుగెత్తింది. ఇన్నాళ్లూ పేర్లు చదవడమే గాని, ఆ మనుషుల్లో ఒక్కరి ముఖమూ ఆమె చూడలేదు.

"నిజమేనవ్వా, నీకు నయమైంది!"

గుర్వమ్మ నోరారా నవ్వింది. "గొర్లెంబడి ఆయాసం లేకుండ గుట్టెక్కుతున్న. నన్నడుగుతె చెప్పకపోదునా?"

సుస్మిత ఆమె పక్కన బెంచీ మీద కూర్చుంది.

"చెప్పవ్వా," అంది, "గా గుట్ట సంగతి."